గూటి ఫొటోలు అచ్చు వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

చలికాలం మొదలైతే చాలు, జిల్లా పేజీల్లో పక్షుల ఫొటోలు కనిపిస్తాయి. పాఠకులు పంపినవి కొన్ని, మీ విలేకరులు తీసినవి కొన్ని. చూడ్డానికి సంతోషంగానే ఉంటుంది. ఎండలు ముదిరేసరికి వాటి చోట గూళ్లు వస్తాయి: నోళ్లు తెరిచిన పిల్లలు, ముక్కున పురుగుతో తల్లి, కింద ‘అమ్మ ప్రేమ’ అని ఓ వ్యాఖ్య. ఈ రెండో రకం ఫొటోలు వేయవద్దని అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకు వద్దో చెబుతాం. గూటి జోలికి పోకుండా మంచి ఫొటో ఎలా వస్తుందో అంతకన్నా ఎక్కువ చెబుతాం, ఎందుకంటే ఉత్త ‘వద్దు’ను ఎవరూ పట్టించుకోరు.

పక్షి ఫొటోల్లో గూటి ఫొటో అన్నిటికన్నా తేలిక. పక్షి ఎక్కడికి వస్తుందో ముందే తెలుసు, మాటిమాటికీ అక్కడికే వస్తుంది, వెలుతురు తీరిగ్గా చూసుకోవచ్చు. కొత్తగా పెద్ద లెన్సు కొన్నవాళ్లు మొదట గూటి దగ్గరికే పోయేది అందుకు. పిగిలిపిట్ట గూటిని ఆకుల చాటున కడుతుంది. ఆ ఆకులు ఫొటోకి అడ్డం. రెండు రెమ్మలు విరిస్తే గూడు చక్కగా కనబడుతుంది, కాకికి కూడా. నీడ పోతుంది. ఈకలు రాని పిల్లకు ఒంటి వేడిని అదుపులో పెట్టుకునే శక్తి ఉండదు. ఏప్రిల్ ఎండ నేరుగా తగిలితే ఎంతోసేపు బతకదు. విరవకుండా దారంతో పక్కకు కట్టి, తర్వాత విప్పేస్తాం అంటారు కొందరు. పిల్ల చావడానికి ఆ అరగంట చాలు. కాకి చూడటానికైతే అరగంట కూడా అక్కర్లేదు. మనిషి ఎక్కడ ఆగి వంగి చూస్తున్నాడో అది కొమ్మ మీంచి గమనిస్తూనే ఉంటుంది.

తీతువు సంగతి ఇంకా అన్యాయం. అది గూడే కట్టదు. బీడులోనో చెరువు గట్టు మీదో గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెడుతుంది. మండుటెండలో అది గుడ్ల మీద కూర్చునేది వేడి ఇవ్వడానికి కాదు, నీడ పట్టడానికి. మధ్యమధ్య నీళ్లలోకి పోయి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి కూర్చుంటుంది కూడా. మనిషి దగ్గరికి వెళ్తే లేచిపోయి తల మీద తిరుగుతూ అరుస్తుంది. కెమెరా పట్టుకున్నవాడికి ఆ అరుపు, ఆ దూకుడు మంచి యాక్షన్ ఫొటో. అదే సమయంలో కింద గుడ్లు రాళ్లతోపాటు కాలుతుంటాయి. గుడ్డులోని పిండం నలభై డిగ్రీలు దాటిన వేడికి ఎక్కువసేపు తట్టుకోలేదు. పది నిమిషాలు తల్లిని లేపి ఉంచినా ఆ గుడ్లు పోవచ్చు.

చట్టం సంగతి కూడా చాలామందికి తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లకు నష్టం చేయడం, గుడ్లనో గూళ్లనో కదిలించి కలతపెట్టడం ఉన్నాయి. తుపాకీ పట్టనక్కర్లేదు. అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి అనుమతి ఇచ్చేది కూడా ఆ చట్టం కిందే. కాబట్టి కంబాలకొండలో గేటు దగ్గర టిక్కెట్టు కొన్నంత మాత్రాన అడవిలో నచ్చినచోటికల్లా పోవచ్చని కాదు.

గూళ్లన్నీ ఒకటి కాదు, ఆ మాటా చెప్పాలి. తాటిచెట్టు మట్టలకో, బావి మీదికి వంగిన ఈతచెట్టుకో వేలాడే గిజిగాడి గూళ్లను రోడ్డు మీంచి ముప్పై మీటర్ల దూరాన తీస్తే వచ్చే నష్టం లేదు. ఆకు తొలగించే పని లేదు, కాకి కొత్తగా తెలుసుకునేదీ లేదు. మగపిట్ట సగం అల్లిన గూటిని ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చితేనే మిగతాది పూర్తిచేయిస్తుంది. ఆ తతంగమంతా జూన్ నుంచి సెప్టెంబరు దాకా బాహాటంగానే జరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, తేలుకుంచి ఊళ్లలోనూ అంతే. అక్కడి కొంగలు మనుషుల నడుమే, ఇళ్ల పక్క చెట్ల మీదే పిల్లల్ని పెంచుతాయి. కింద నడిచే జనానికి అలవాటుపడ్డాయి. చప్పట్లు కొట్టకుండా, చెట్టు ఎక్కకుండా దారి మీంచి తీసుకుంటే ఫర్వాలేదు.

ఆ ఊళ్ల ప్రస్తావన వచ్చింది కనుక మీ ఉపసంపాదకులకు ఒక మనవి. తేలినీలాపురం గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని ఏటా ‘సైబీరియా అతిథులు’ అని రాస్తున్నారు. వాటికి సైబీరియా ఎక్కడుందో తెలియదు. అవి ఈ ఉపఖండపు పక్షులే. వానల తర్వాత చెరువుల్లో చేప దొరికే కాలం చూసుకొని గూళ్లు కట్టడానికి వస్తాయి. తేలుకుంచి నత్తగుల్ల కొంగలూ ఇక్కడివే. నిజంగా హిమాలయాల అవతలి నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి: సూదితోక బాతులు, భీమిలి ఒడ్డున గుంపులుగా వాలే గోధుమతల సముద్రపు కాకులు, పొలాల్లో తోకాడించే పసుపు జిట్టంగులు. ఇవి ఇక్కడ గూడు కట్టవు. ఇక్కడ గూడు కడుతుంటే ఆ పక్షి సైబీరియాది కాదని కళ్లు మూసుకొని రాసేయొచ్చు.

ఇక ఫొటో సంగతి. దగ్గరికి పోతేనే బాగా వస్తుందన్న నమ్మకాన్ని లెక్కతో చూద్దాం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు (సెన్సారు వెడల్పు 36 ఎంఎం) 600 ఎంఎం లెన్సు పెడితే ఇరవై మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు 1.2 మీటర్లు. చిన్న సెన్సారు (సుమారు 24 ఎంఎం) కెమెరాకు 400 ఎంఎం పెట్టినా దాదాపు అంతే. పెద్ద తెల్లకొంగ అందులో నిండుగా సరిపోతుంది. కానీ చిన్న లకుముకి పిట్ట పొడవు ముక్కుతో కలిపి పదహారు, పదిహేడు సెంటీమీటర్లే. ఫ్రేములో ఏడో వంతు. సగం ఫ్రేము నిండాలంటే ఐదారు మీటర్ల దూరానికి రావాలి. మనం నడిచి వెళ్తే అది పాతిక మీటర్ల దూరంలోనే లేచిపోతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఫ్రేము వెడల్పు ఆరువేల పిక్సెళ్లు. ఏడో వంతు అంటే 850. వార్తాపత్రిక కాగితానికి అంగుళానికి 200 చుక్కల లెక్కన పక్షి ఒక్కటే నాలుగంగుళాలకు పైగా వస్తుంది. చుట్టూ కాస్త నీరు, రెల్లు కూడా ఉంచితే మీ పేజీలో సగం అదే. ఇంతకన్నా దగ్గరగా తీసిన ఫొటో మీకు దేనికి?

ఐదు మీటర్లలో తీయడానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 600 ఎంఎం లెన్సు, దాని కన్నం ఎఫ్ 6.3 దగ్గర ఆ దూరంలో స్పష్టంగా వచ్చే లోతు రెండున్నర సెంటీమీటర్లే. కన్ను పదునుగా ఉంటే ముక్కు చివర మసక. ఇరవై మీటర్లలో ఆ లోతు నలభై సెంటీమీటర్లు దాటుతుంది, పక్షి మొత్తం పదునుగా వస్తుంది.

అయినా దగ్గరి ఫొటో కావాలనుకునేవాళ్లకు దారి ఒకటే: పక్షి రోజూ వచ్చే చోటికి ముందే వెళ్లి కూర్చోవడం. రెండ్రోజులు దూరంగా చూస్తే లకుముకి ఏ కర్ర మీద వాలి చేప పడుతుందో తెలుస్తుంది. దానికి ఆరేడు మీటర్ల దూరంలో, తూర్పు మన వెనక ఉండేలా చోటు చూసుకోవాలి. నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్ రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు చాలు. నాలుగు వెదురు కర్రలు పాతి కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాలి. రాళ్లు మరిస్తే గాలికి నెట్ రెపరెపలాడి పక్షి ఆ దరికే రాదు. లెన్సుకు నేల నుంచి అడుగున్నర ఎత్తులో కన్నం. కింద గోనెపట్టా వేసుకొని కూర్చుంటే పక్షి కంటి ఎత్తున ఫొటో వస్తుంది. నిలబడి పైనుంచి తీస్తే నేపథ్యమంతా బురదే. డిసెంబరులో విశాఖలో సూర్యోదయం ఆరుంబావు దాటాక. అయిదున్నరకల్లా లోపల ఉండాలి. తెల్లారాక దూరితే పక్షి చూస్తుంది, ఇక ఆ పూట వాలదు. బయటికి వచ్చేటప్పుడూ అది లేని సమయం చూసుకోవాలి. గూడున్న గట్టు దగ్గర మాత్రం ఈ ఏర్పాటు వద్దు.

తెల్లచొక్కా మానాలి. అత్తరు గురించి బెంగపడేవాళ్లున్నారు గానీ, పక్షి భయపడేది కదలికకు, ఆకాశం మీద పడే మనిషి ఆకారానికి.

మాటు లేకుండా నడిచి వెళ్లాల్సివస్తే నేరుగా పోకూడదు. కాస్త పక్కకు వాలుగా నాలుగడుగులు వేసి ఆగాలి. మేత మానేసి మెడ నిటారుగా ఎత్తిందంటే మనల్ని లెక్కలో వేసుకుంది. తల పైకీ కిందికీ ఊపినా, రెట్టవేసి ముందుకు వంగినా ఎగరబోతోంది. మెడ ఎత్తినప్పుడే ఆగి రెండడుగులు వెనక్కి వేస్తే చాలాసార్లు మళ్లీ మేతలో పడుతుంది. ‘ఇంకొక్క అడుగు’ అనుకున్నవాడికి దక్కేది వీపు ఫొటో. పొలంలో నడిచేటప్పుడు గట్టు దాటి నారుమడిలో కాలు పెట్టకూడదని విడిగా చెప్పాలా? రైతు ఉంటే అడిగే దిగాలి. ఏ పక్షి ఏ పూట ఎక్కడ మేస్తుందో ఆయనకు తెలిసినంత మనకు తెలియదు.

విశాఖ నగరం నుంచి ఎక్కువమంది వెళ్లేది కొండకర్ల ఆవ అనే చెరువుకు. అక్కడ తాటిదోనె మీదే తిరగాలి. దోనెలో ట్రైపాడ్ దండగ. దాని కాళ్లు పడవను పట్టుకుంటాయి, పడవ కదిలితే కెమెరా కదులుతుంది. లెన్సును చేత్తోనే పట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, కూర్చొనే తీయాలి. నిలబడితే దోనె ఒరుగుతుంది. షట్టర్ స్పీడు సెకనులో 1/1600కి తగ్గకూడదు, పక్షి కదలకుండా కూర్చున్నా సరే, కదిలేది మనం కనుక. కారు కిటికీ మీంచి తీసేవాళ్లకైతే పాత జీన్స్ కాలొకటి కత్తిరించి, లోపల పాలిథిన్ సంచి పెట్టి, రెండు కిలోల జొన్నలు నింపి కుట్టుకుంటే చక్కటి ఆనుడు. పాలిథిన్ మానేస్తే వానకు జొన్నలు మొలకెత్తుతాయి. ఇంజన్ ఆపేయాలి. వణుకు ఒకటే కాదు, బానెట్ మీంచి లేచే వేడిగాలి కూడా ఫొటోను పాడుచేస్తుంది.

దోనె నడిపేవారికి అదనంగా డబ్బిచ్చి గుంపులోకి తోలమని, బాతుల్ని లేపమని అడగడం కొండకర్లలోనే కాదు, పడవ దొరికే ప్రతి చెరువులోనూ కనిపించే జాడ్యం. ఒకేసారి లేచిన గుంపు ఫొటో బాగుంటుంది, నిజమే. వలస బాతులు చాలావరకు రాత్రి మేసి పగలు నీళ్ల మీద విశ్రాంతి తీసుకుంటాయి. లేపిన ప్రతిసారీ తిరుగు ప్రయాణానికి దాచుకుంటున్న కొవ్వు కొంత కరుగుతుంది. పూటకు నాలుగు దోనెలు అదే పని చేస్తే ఆ చెరువు మానేస్తాయి. ఎగిరే ఫొటో కావాలంటే సాయంత్రం అవి వాటంతట అవే మేతకు లేచేదాకా గట్టు మీద కూర్చోవాలి. మీ పేజీకి వచ్చే గుంపు ఫొటోల్లో పక్షులన్నీ ఒకే వైపుకు, కెమెరాకు దూరంగా పారిపోతుంటే అది లేపిన గుంపేనని పట్టేయొచ్చు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట లెక్క వేరు. అక్కడ చూడాల్సింది ఆటుపోట్లు. పాటు వేళ, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, బురద బయటపడి ఉల్లంకులు దూరంగా చెల్లాచెదురై మేస్తాయి. పోటు ఎక్కేకొద్దీ నీరే వాటిని ఒడ్డుకు, మన వైపుకు తోస్తుంది. కాబట్టి నిండు పోటుకు రెండు గంటల ముందు ఇసుకలో బోర్లా పడుకొని ఉంటే అవే వస్తాయి. నిండు పోటులో మాత్రం అవి మిగిలిన కాస్త ఇసుక మీద ఒంటికాలిపై నిద్రపోతాయి. అప్పుడు లేపితే వాలడానికి మరో చోటు ఉండదు. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, ఈ ఆదివారం కుదిరిన వేళ వచ్చే ఆదివారం కుదరదు.

మా తీరంలో గాలితో ఒక పేచీ ఉంది. పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే వాలుతుంది. పొద్దున నేల మీంచి సముద్రానికి గాలి, కాబట్టి పక్షి ముఖం పడమటికి, సూర్యుడేమో తూర్పున. సాయంత్రం సముద్రపు గాలి, ముఖం తూర్పుకు, సూర్యుడు పడమట. రెండు పూటలా వెలుతురు తోక మీదే పడుతుంది. అందుకే ఎదురు ఫొటో ఆశ వదులుకొని, చలికాలం పొద్దున దక్షిణపు ఒడ్డున ఉండి ఉత్తరానికి గురిపెడితే పక్కనుంచి తీసిన ఫొటోకి నిండు వెలుతురు దొరుకుతుంది. తొమ్మిది దాటాక ఇసుక మీంచి, నీటి మీంచి వేడి లేచి ఎండమావిలా గాలి వణుకుతుంది. దూరపు పక్షి అంచులు అలల్లా వస్తాయి. లక్షల లెన్సు కూడా దీనికేమీ చేయలేదు. లెన్సు పాడైందని రిపేరు షాపుకు పరిగెత్తేవాళ్లు ఈ మాట గుర్తుంచుకుంటే డబ్బు మిగులుతుంది.

సెట్టింగుల గురించి రెండు ముక్కలు చాలు. షట్టర్ స్పీడు ఎగిరే పక్షికి 1/2500, కూర్చున్నదానికి గట్టునుంచి 1/500, ఫోకస్ ఎప్పుడూ వెంటాడే మోడ్‌లో. ఐఎస్‌ఓ (సెన్సారు వెలుతురుకు స్పందించే స్థాయి) 1600 అయినా భయం లేదు. గరుకు తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన ఫొటోను బాగుచేయలేం. ముదురు నీటి మీద చిన్నగా కనబడే తెల్లకొంగకు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (వెలుతురు సగానికి) తగ్గించాలి, లేకపోతే ఈకల గీతలన్నీ తెల్లసున్నమైపోతాయి. తెల్లటి ఆకాశం మీద నీటికాకికి ఒక స్టాప్‌కు పైగా పెంచాలి.

విశాఖ ఉక్కలో లెన్సుకు బూజు పెద్ద శత్రువు. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం బూజును పెంచడమే. తేమ నలభై నుంచి యాభై శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్, లేదా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్. నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే వేడిచేసి ఆరబెట్టాలి. ఏసీ కారులో వెళ్లేవాళ్లు చేరడానికి ఇరవై నిమిషాల ముందే ఏసీ ఆపి అద్దాలు దించాలి, లేదంటే దిగగానే అద్దమంతా ఆవిరి.

పక్షి కూతను ఫోన్‌లో వినిపించి రప్పించే పద్ధతి కూడా ఈమధ్య పెరిగింది. వానాకాలంలో పొన్నంగి పిట్ట మీద ఎక్కువ. పోటీకి ఇంకో మగది వచ్చిందనుకొని మేతా కాపలా వదిలి, లేని శత్రువు కోసం చెట్టుచెట్టూ వెతుకుతుంది. స్పీకరు వాడిన ఫొటో కూడా వేయకండి. గుడ్లగూబ ముఖాన రాత్రి ఫ్లాష్ కొట్టినదీ అంతే. డ్రోన్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: పక్షి కళ్లకు అది గద్ద. పైగా ఇది తూర్పు నౌకాదళం ఊరు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎర్ర మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. నౌకాదళపు విమాన స్థావరానికి ‘డేగ’ అని పేరుపెట్టారు కదా అని పొడవాటి లెన్సు అటు తిప్పితే పక్షుల కోసం వచ్చామంటే ఎవరూ నమ్మరు.

చివరిగా చిరునామా. ఫలానా ఊరి దక్షిణపు చెరువు పక్క మర్రితొర్రలో గుడ్లగూబ అని మీరు అచ్చు వేస్తే మరుసటి ఆదివారం ఇరవైమంది కెమెరాలతో వస్తారు, దీపావళి ముందు పూజల కోసం గుడ్లగూబను పట్టే ఉచ్చులవాడూ వస్తాడు. మండలం పేరు చాలు. ఫోన్ ఫొటోల్లో, కొన్ని కెమెరాల్లో జీపీఎస్ అంకెలు ఫైల్లోనే దాగి ఉంటాయి. మీ వెబ్‌సైటులో పెట్టేముందు వాటిని తుడిచేయించండి. ఖచ్చితమైన చోటు, తేదీ నమోదు చేయాలనుకునే పాఠకులకు పక్షుల లెక్కలు రాసుకునే ఈబర్డ్ వెబ్‌సైటు ఉంది. ముప్పు ఎక్కువున్న కొన్ని జాతుల ఖచ్చితమైన చోటును అది బయటపెట్టదు.

ఫొటో పంపే పాఠకుల కోసం మీ ప్రకటన కింద మూడు ప్రశ్నలు చేర్చండి: ఎంత దూరం నుంచి, ఎంత పొడవు లెన్సుతో తీశారు? దగ్గర్లో గూడు ఉందా? కూత వినిపించడం గానీ, మేత వేయడం గానీ, లేపడం గానీ చేశారా? మొదటి ప్రశ్నకు జవాబు అబద్ధమైతే పైన చెప్పిన ఫ్రేము లెక్కతో ఇట్టే తేలిపోతుంది: దూరాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని లెన్సు పొడవుతో భాగించి, ఫుల్‌ఫ్రేమ్‌కైతే 36తో, చిన్న సెన్సారుకైతే 24తో గుణించండి. వచ్చేది ఫ్రేము వెడల్పు, మిల్లీమీటర్లలో. అంచులు కత్తిరించని ఫొటోలో పక్షి ఆ వెడల్పులో ఎన్నో వంతుందో పోల్చి చూడండి.

ఇట్లు,
పక్షుల ఫొటోలు తీసే కొందరు పాఠకులు,
విశాఖపట్నం